పై మెట్టు మీద జయంతి

బుధవారం సాయంత్రం మా హాస్టల్లో డాబా మీదికి ఎవరైనా వెళ్ళాలంటే కుదరదు. నాలుగో అంతస్తు నుంచి డాబాకి వెళ్ళే మెట్ల మీద ఆడపిల్లలు మెట్టుకొకరు చొప్పున, అందరూ కిందికే మొహం పెట్టి కూర్చుని ఉంటారు. ప్రతి పిల్లా తన కింది మెట్టు మీదున్న పిల్ల మెడా భుజాలూ నొక్కుతుంటుంది. తన మెడ పై మెట్టు పిల్ల చేతుల్లో ఉంటుంది. ఒక్కొక్కరి భుజం మీదా ఒక పాత తువ్వాలు, గోడ వారగా స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నువ్వుల నూనె. ఆ నూనె నా వంటింట్లోదే. మొదటిసారి చూసినప్పుడు ఈ వయసులో వీళ్ళకి రైలుబండి ఆటలేమిటా అనుకున్నాను, దారికి అడ్డంగా ఉన్నారని నాలుగు తిట్టాను కూడా.

అన్నిటికంటే పై మెట్టు మీద జయంతి కూర్చుంటుంది. ఈ కథ ఆమెది. అయితే చెప్పేది నేను కాబట్టి నా గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు.

నా పేరు రాజరాజేశ్వరి. మాది తణుకు. మా ఆయన భీమేశ్వరరావు గారు కరెంటు ఆఫీసులో రిటైరయ్యాక మాదాపూర్లో ఈ బిల్డింగు లీజుకి తీసుకుని ఆడపిల్లల హాస్టల్ పెట్టాం. బోర్డు మీద పేరు ఆయనది, లోపల నోరు నాది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు కదా, హాస్టల్ నడిపేవాళ్ళు మెత్తగా ఉంటే పప్పు పల్చనైందని ఒకరు, వైఫై రావడం లేదని ఒకరు, గీజరు పనిచెయ్యడం లేదని ఒకరు పొద్దున్నే నెత్తెక్కి కూర్చుంటారు. కాబట్టి నేను మెత్తగా ఉండను. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, ఎక్కడికెళ్ళినా లిఫ్టులోనే. లిఫ్టు నాలుగో అంతస్తు దాకానే ఉంది గనుక డాబా మీద ఏముందో నేను చూసి చాలా కాలమైంది. పిల్లలందరూ నన్ను ఆంటీ అంటారు. జయంతి ఒక్కతే మేడమ్ అంటుంది. ఇంకేదైనా పిలవమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా, "సరే మేడమ్" అనేది.

అసలు జయంతి మా కంటే ముందు నుంచీ ఇక్కడుంది. అంతకుముందు ఇక్కడ హాస్టల్ నడిపి మాకు లీజు అప్పగించిన ఆయన మంచాలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు చూపించి, చివరికి మూడో అంతస్తు మూల గది తలుపు తట్టి, "ఈమె జయంతి గారు, ఈమె ఉంటారు" అన్నాడు. అలా బిల్డింగుతో పాటు జయంతీ మాకు వచ్చింది. నలభై దాటిన మనిషి పాతికేళ్ళ పిల్లల మధ్య ఏం చేస్తుందా అని నాకు మొదట్లో అనుమానంగానే ఉండేది. పెళ్ళెందుకు కాలేదని ఒకసారి ఊరుకోలేక అడిగేశాను. "టైం దొరకలే మేడమ్" అని నవ్వి ఊరుకుంది. తమ్ముడు మధుకర్ చదువు, వాడి ఉద్యోగం, వాడి పెళ్ళి అన్నీ అయ్యేసరికి ఈమె టైం ఎటో వెళ్ళిపోయినట్టుంది.

ఆమె ఉద్యోగం చెబితే మీరూ నవ్వుతారు. సైబర్ టవర్స్ దగ్గర ఒక ఆఫీసులో మెడికల్ కోడింగ్. అమెరికాలో ఎవరికో నడుం పట్టేసిందని డాక్టరు రాస్తే, ఈమె ఇక్కడ కూర్చుని ఆ నొప్పికో నంబరు వేస్తుంది. మెడనొప్పికో నంబరు, మోకాలికో నంబరు. నా మోకాళ్ళకి కూడా చెప్పింది గానీ నాకు గుర్తు లేదు. రోజంతా లోకంలోని నొప్పులన్నీ చదివి, సాయంత్రం వచ్చి ఉల్లిపాయలు తరిగే మా వంటమనిషి భాగ్యమ్మ పక్కన కూర్చుని రెండు ముక్కలు మాట్లాడి, తన బట్టలు తను ఉతుక్కుని పడుకునేది. ఆమె వల్ల నాకు ఎప్పుడూ ఏ తలనొప్పీ లేదు. అందుకే ఆమె గురించి పెద్దగా ఆలోచించిందీ లేదు.

మెట్ల సంగతి లావణ్య వల్ల మొదలైంది. లావణ్య కాకినాడ పిల్ల, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. రిలీజ్ ఉందని వారమంతా లాప్‌టాప్ ముందు నుంచి లేవకుండా కూర్చుంటే మెడ ఒక పక్కకి తిరగడం మానేసింది. డాబా మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఏడుస్తోందట. జయంతి తడిబట్టల బకెట్‌తో పైకి వెళ్తూ చూసి, బకెట్ పక్కన పెట్టి, ఒక మెట్టు పైన కూర్చుని, ఏమైందని కూడా అడక్కుండా మెడ మీద చెయ్యి వేసిందట. కాసేపటికి లావణ్య ఏడుపు ఆగి, "అమ్మా, మళ్ళీ చేస్తానుండు" అని ఫోన్ పెట్టేసిందట.

అది చూసి సంధ్య వచ్చి లావణ్య కింది మెట్టు మీద కూర్చుంది. సంధ్యది మహబూబ్‌నగర్ పక్కన, నాన్న క్రేన్ నడుపుతాడు, ఈ పిల్ల ఒక కంపెనీలో కస్టమర్లతో చాట్ చేసే ఉద్యోగం. రోజంతా టైపు చేసి చేసి భుజాలు చెవుల దాకా ఎక్కి ఉంటాయి దానికి. నాక్కూడా నొక్కమని అడిగింది. జయంతికున్నవి రెండే చేతులు. "నీ చేతులు ఖాళీగనే ఉన్నయ్ గద, దానికి నువ్వు నొక్కు" అని లావణ్యకి చెప్పింది. అంతే, రైలుకి పెట్టెలు తగలడం మొదలైంది. వారం మధ్యలో మూడు రోజులే ఆఫీసుకి రమ్మంటారు కదా ఇప్పుడు, బుధవారానికి అందరి మెడలూ పట్టేసి ఉంటాయి, అందరూ ఊళ్ళో ఉంటారు. అందుకని బుధవారం స్థిరపడిపోయింది.

దానికి వాళ్ళ పద్ధతులు వాళ్ళకున్నాయి. గోళ్ళు ఉండకూడదు. బొటనవేలి మెత్తటి భాగంతో కండ మీద నొక్కాలి, ఎముక మీద కాదు. సెలూన్లో చేసినట్టు మెడ తిప్పి విరవకూడదు. ఆఫీసు మాటలు ఎత్తకూడదు. నొక్కించుకునే పిల్ల చెప్పదగిన మాటలు మూడే: పైకి, కిందికి, అక్కడే. ఇంకో నియమం కూడా ఉంది. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్ల ఎప్పుడూ అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చుంటుంది. దానికి ఇవ్వాల్సిన పని లేదు, పుచ్చుకోవడమే. ఇంకో కొత్త పిల్ల వచ్చాక ఒక మెట్టు పైకి జరుగుతుంది. ఊరు కాని ఊరు వచ్చి, మూడు మంచాల గదిలో మొదటి వారం మొహం వేలాడేసుకుని తిరిగే పిల్లకి అది ఎంత ఓదార్పో నేను కళ్ళారా చూశాను. ఈ నియమం జయంతే పెట్టింది. మెట్ల మీద గొడవ మానేసి నూనె నేనే వెచ్చబెట్టించి పంపడం అప్పటి నుంచే. పైకి మాత్రం నూనె ఖర్చయిపోతోందని గొణుగుతుంటాను, అది వేరే సంగతి.

ఈ వరసలో ఒక లెక్క తేలదు. కింది పిల్ల ఎవరికీ నొక్కదు, బాగానే ఉంది. పై మెట్టు మీద మనిషికి నొక్కేవాళ్ళెవరు? సంధ్య ఒకసారి తల వెనక్కి తిప్పి అడిగేసిందట, "మరి నీకెవరు నొక్కుతరు అక్కా" అని. జయంతి దాని తల ముందుకి తిప్పి, "నాకేం నొప్పి లేదే, నువ్వు సీదగ కూసో" అందట. పిల్లలు నమ్మారు. నేనూ నమ్మాను. రోజంతా అదే కుర్చీలో, అదే స్క్రీను ముందు కూర్చునే మనిషికి నొప్పి లేకపోవడమేమిటని ఎవరికీ తట్టలేదు.

పోయిన చలికాలంలో జయంతి జుట్టు కత్తిరించుకుంది. నడుం దాకా ఉండే జడ, రోజూ బిగించి అల్లుకునేది, మెడ మీదికి వచ్చేసింది. పిల్లలు స్టైలుగా ఉందని ఈలలు వేశారు. ఈ వయసులో ఇప్పుడు స్టైలేమిటా అని నేను భాగ్యమ్మతో అన్నాను. భాగ్యమ్మ పెదవి విరిచి ఊరుకుంది. తర్వాత కొన్నాళ్ళకి లావణ్య వచ్చి, ఈ మధ్య అక్క ఎడమ చేత్తోనే నొక్కుతోందండీ, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటోంది అంది. ఆ వారమే భాగ్యమ్మ, జయంతమ్మ బట్టలు తీగ మీద వెయ్యకుండా పిట్టగోడ మీద పరుస్తోందని చెప్పింది. గాలికి కింద పడితే పక్కింటివాళ్ళతో గొడవ, అందుకని అది మా హాస్టల్లో నిషిద్ధం. పిలిపించి గట్టిగానే అడిగాను.

"తీగ అందుతలేదు మేడమ్" అంది.

నా కంటే జానెడు పొడుగు మనిషి. అదేం మాట అన్నాను. అప్పుడు కుడిచెయ్యి ఎత్తి చూపించింది. భుజం దాకా కూడా రాలేదు, మధ్యలోనే ఆగిపోయింది, మొహం నొప్పితో ముడుచుకుపోయింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవక జుట్టు కత్తిరించుకుందన్న మాట. నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో అన్నం కలుపుకుని తింటోందన్న మాట. నాకు ఒళ్ళు మండింది. నోరేమైందమ్మా, చెయ్యి పడిపోతే నోరు కూడా పడిపోతుందా అని కేకలేశాను. ఆమె అంతా విని, నెలాఖరుకి గది ఖాళీ చేస్తానంది. ప్రగతి నగర్లో చెరువు దగ్గర ఒక సింగిల్ రూమ్ చూసుకుందట, కిరాయి కూడా మాట్లాడుకుందట.

ఎందుకని అడిగితే కిటికీ వంక చూస్తూ మెల్లగా చెప్పింది. "ఇగ ఈ చెయ్యి పని చెయ్యకపాయె. మెట్ల మీద ఊరికే కూసుండి ఏం జేస్త మేడమ్? పిల్లలకు అడ్డం. అంత వయసు పిల్లల నడుమ నాకేం పని, చెప్పున్రి."

నోరున్న మనిషినని పేరే గానీ, కావలసినప్పుడు అది పనికి రాదు. ఖాళీ సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి పద అన్నాను.

కూకట్‌పల్లిలో ఎముకల డాక్టరు చూసి భుజం కీలు బిగుసుకుపోయిందన్నాడు. నలభై దాటాక ఆడవాళ్ళలో తరచుగా చూస్తాడట, ఒకే భంగిమలో కూర్చునే పని ఉంటే మెడా వీపూ కూడా తోడవుతాయట. పోతుంది గానీ నెలలు పడుతుందన్నాడు. గోడ మీద వేళ్ళతో పాకించే వ్యాయామం ఒకటి చూపించి, వేడి కాపడం పెట్టమని, ఎవరూ చెయ్యి పట్టి లాగొద్దని, చుట్టూ ఉన్న కండలు గట్టిపడిపోయాయి గనుక ఇంట్లో ఎవరైనా వీపూ మెడా మెత్తగా మర్దనా చేస్తే హాయిగా ఉంటుందని చెప్పాడు. బయటికొచ్చాక జయంతి, "ఈ నొప్పి నంబరు నాకు నోటికొచ్చు మేడమ్, ఎన్ని వేల సార్లు కొట్టిన్నో" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వచ్చేటప్పుడు ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ఇంట్లో ఎవరైనా మర్దనా చేస్తే అన్నాడు కదా, పిల్లలున్నారు, లావణ్యని చెయ్యమందాం అన్నాను. వద్దంది. ఎందుకని అడిగాను. అప్పుడు వాళ్ళమ్మ సంగతి చెప్పింది.

వాళ్ళది కోరుట్ల. అమ్మ బీడీలు చుట్టేది. "మా అమ్మది గూడ కూసునే కొలువే మేడమ్" అంది. "చాట ఒళ్ళె పెట్టుకొని పొద్దుగూకేదాక వంగి తునికాకు చుట్టేది. మెడలు పట్టుకపోయేటియి. దినాం నేనే నొక్కేదాన్ని. గట్లనే నేర్చుకున్న."

మరి నీకు ఒళ్ళు నొప్పులొస్తే అని అడిగాను.

"అమ్మ చేతులకు పొగాకు వాసన. సబ్బుతోని కడిగి కడిగి చూసేది, పోకపోయేది. సదువుకునే పిల్లవు, నీకెందుకీ వాసన అని నన్ను ముట్టుకోకపోయేది. తల గూడ పక్కింటి ఆమెతోని దువ్విపిచ్చేది." చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఇప్పుడు ఎవరన్న భుజం మీద చెయ్యేస్తే నాకు ఒళ్ళంత బిగుసుకుంటది. ఏం జెయ్యాల్నో తెల్వదు. లేచిపోవాలనిపిస్తది."

బిడ్డకి వాసన అంటకూడదని తల్లి చేతులు దాచుకుంది. ఆ బిడ్డేమో ఊళ్ళో పిల్లలందరి మెడలూ నొక్కుతూ కూర్చుంది. ఆ తల్లి ప్రేమని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఈమె మీద జాలి పడడానికి ధైర్యం చాలలేదు. ఏం చెయ్యాలో తోచక, దారి తప్పు తీసుకున్నావని ఆటో అతన్ని తిట్టాను. పాపం అతను సరిగ్గానే వెళ్తున్నాడు.

ఆటోలో విన్నది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే మాట కాదది. కానీ చెయ్యి సంగతీ, గది ఖాళీ చేసే సంగతీ పిల్లలకి తెలిసిపోయాయి. నాతో ఒక్క మాట అనకుండా అందరూ చందాలు వేసుకుని, కొండాపూర్ వైపు ఒక పెద్ద స్పాలో జయంతికి మసాజ్ బుక్ చేశారు. పై మెట్టు మీద కూర్చుని ఇన్నాళ్ళూ ఏదీ పుచ్చుకోలేదు కదా, ఒక్కసారైనా మహారాణిలా చేయించుకోవాలని వాళ్ళ ఆశ. పిల్లల మనసు వెన్నే, కాదనను. తెలివి మాత్రం ఆ రోజు ఆఫీసులోనే వదిలేసి వచ్చారు. ఇన్నేళ్ళుగా తెలిసిన పిల్లలు ముట్టుకుంటేనే ముడుచుకుపోయే మనిషని వాళ్ళకి తెలియదు కదా, ఎవరో తెలియని మనిషి చేతికి చీకటి గదిలో అప్పగించారు.

శనివారం జయంతి బుద్ధిగా వెళ్ళింది. వచ్చి, చాలా బాగుందని, ఒళ్ళంతా తేలికైందని అందరికీ థాంక్స్ చెప్పింది. పిల్లలు పొంగిపోయారు. ఆమె మెట్లెక్కి వెళ్ళాక భాగ్యమ్మ నా చెవిలో, "పొద్దుగాల చున్నీకి పిన్ను నేనే పెట్టినమ్మా. నేను పెట్టింది పెట్టినట్టే ఉన్నది" అంది.

గదికి వెళ్ళి తలుపు మూసి అడిగాను. కాసేపు దాచి, చివరికి చెప్పింది. వేసుకోమని కాగితం లాంటి బట్టలు ఇచ్చారట. గదిలో చిన్న దీపం, ఏదో వాన చప్పుడు పాట, మసాజ్ చెయ్యడానికి సంధ్యంత ఉంటుందేమో ఎక్కడో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్ల. జయంతి బట్టలు మార్చుకోకుండా ఆ బల్ల మీద అలాగే కూర్చుండిపోయిందట. భయపడుతున్నారా అని ఆ పిల్ల వచ్చీరాని హిందీలో అడిగిందట. లేదు గానీ నీ మణికట్టుకి ఆ పట్టీ ఏమిటని ఈమె అడిగిందట. పొద్దున్నుంచీ నొక్కి నొక్కి చేతులు లాగేస్తున్నాయని ఆ పిల్ల చెప్పిందట. ఇంకేముంది, పుచ్చుకోవడానికి వెళ్ళిన మనిషి, ఉన్న ఒక్క మంచి చేత్తో, టైం అయ్యేదాకా ఆ పిల్ల చేతులు నొక్కి వచ్చింది.

"పిల్లలకు చెప్పకున్రి మేడమ్, ఫికర్ జేస్తరు" అంది.

నేను నవ్వాను. తర్వాత నా గదిలోకి వచ్చి మా ఆయన ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన పేపరు మడిచి, మీ జయంతికి తీసుకోవడం చేతకాదోయ్, చేతకాని పని చెయ్యమంటే ఎవరికైనా పారిపోవాలనే ఉంటుంది అన్నారు. ఎప్పుడో గానీ మాట్లాడరు గానీ, మాట్లాడితే మాత్రం నాకు పనికొచ్చే మాట అంటారు.

తర్వాతి బుధవారం పిల్లలు ఇంకో ప్రయత్నం చేశారు. జయంతిని బతిమాలి కొత్త పిల్ల చోట కింది మెట్టు మీద కూర్చోబెట్టారు. నేను లిఫ్టు దగ్గర నిలబడి చూస్తున్నాను. జయంతి చుట్టపుచూపుగా వచ్చిన దానిలా మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది, ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలియక చున్నీ సర్దుకుంటూ. పై మెట్టు మీద పిల్ల ఇలా చెయ్యి వేసిందో లేదో, పొయ్యి మీద ఏదో మర్చిపోయినట్టు లేచి గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె హాస్టల్లో ఎప్పుడూ ఏమీ వండలేదు. లావణ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క వెళ్ళిపోతుందా ఆంటీ అని సంధ్య నన్ను అడిగింది. ఆమె సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉండడం నేను అప్పటికే చూశాను.

ఆ రాత్రి పడుకుంటే నాకొకటి అర్థమైంది. స్పాలో ఆమె పారిపోలేదు. అంతసేపూ అక్కడే ఉంది. ఎందుకంటే చేతిలో పని ఉంది. పుచ్చుకోమని కూర్చోబెడితే లేచిపోతుంది, ఇస్తుండగా మాత్రం ఎక్కడికీ కదలదు. ఇక పై మెట్టుకి పైన ఏముంది? డాబా గడప ఉంది. ఆ గడప మెట్టంత ఎత్తు ఉంటుందని భాగ్యమ్మ చెప్పింది.

నెలాఖరు ముందు బుధవారం వచ్చింది. పిల్లలు క్యాబుల్లోంచి దిగకముందే నేను లిఫ్టులో నాలుగో అంతస్తుకి వెళ్ళి, అక్కడి నుంచి భాగ్యమ్మ భుజం పట్టుకుని మెట్టుకొకసారి ఆగుతూ, ఆగినప్పుడల్లా ఈ మెట్లు కట్టిన మేస్త్రీని తిడుతూ డాబా ఎక్కాను. తలుపు దగ్గరగా వేసుకుని నీళ్ళ ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దొంగలా కూర్చున్నాను. అవతల కేబుల్ బ్రిడ్జి దాకా ఆఫీసుల లైట్లు వెలుగుతున్నాయి. ఒక్కో కిటికీలో ఎన్ని మెడలు పట్టేసి ఉన్నాయో అనిపించింది.

లావణ్యకి ముందే చెప్పి ఉంచాను, ఈ ఒక్కసారికి జయంతిని పై మెట్టు మీదే కూర్చోమనండి, ఒక్క చెయ్యి చాలనండి, మెడ పట్టేసిందని నిజమే చెప్పి అడగండి అని. ఎవరైనా నొప్పి అంటే ఆమె కాదనలేదు. కాసేపటికి తలుపు అవతల అడుగులు, గుసగుసలు, స్టీలు గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు వినిపించాయి. ఇంకాసేపు ఆగాను. "అక్కడే అక్కా" అని లావణ్య గొంతు వినపడ్డాక తలుపు తీశాను.

జయంతి వీపు నాకు ఎదురుగా ఉంది. లావణ్య తల ఆమె ఒళ్ళోకి వాలి ఉంది, ఎడమ చెయ్యి ఆ పిల్ల మెడ మీద ఉంది. లేవాలంటే ఆ పిల్లని తొయ్యాలి. నేను గడప మీద కూలబడి, మోకాళ్ళు రెండూ పటపటమంటుంటే ఆమెకి అటూ ఇటూ కాళ్ళు చాపి, గిన్నెలో వేళ్ళు ముంచి, మంచి భుజం వైపు నుంచి మొదలుపెట్టి మెడ వెనక చేతులు వేశాను. నాకు వచ్చిన విద్య చపాతీ పిండి కలపడం ఒక్కటే. ఆమె వీపు ఫ్రిజ్‌లో మర్చిపోయిన పిండిలా గట్టిగా ఉంది. నా చెయ్యి తగలగానే మొత్తం బిగుసుకుపోయింది. ఊపిరి కూడా ఆగింది. లేవబోయింది.

"లావణ్యకి నొప్పి తగ్గిందా?" అన్నాను.

లేదని లావణ్య అంది. దేవుడిచ్చిన పిల్ల.

"అయితే నీ పని నువ్వు చూడు, నా పని నేను చూస్తాను" అన్నాను జయంతితో.

ఆమె చెయ్యి మళ్ళీ లావణ్య మెడ మీద కదిలింది. నా చేతులు ఆమె మెడ మీద కదిలాయి. కింద పిల్లలెవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అందరికీ తెలుసు, అందరూ ముందుకే చూస్తూ ఎవరి భుజాలు వాళ్ళు నొక్కుతున్నారు. నా చేతులకి అల్లం వెల్లుల్లి వాసన, మధ్యాహ్నం పచ్చడి నూరాను. ఎంత కడిగినా పోలేదు. ఆటోలో విన్న మాట అప్పుడు గుర్తొచ్చి చేతులు ఆగాయి. "వాసనొస్తున్నాయా?" అని అడిగాను.

జయంతి తల అడ్డంగా ఊపింది. కళ్ళు తుడుచుకోవడానికి ఉన్న మంచి చెయ్యి లావణ్య మెడ మీద ఉంది గనుక నీళ్ళు అలాగే కారనిచ్చింది. నేను నొక్కుతూనే ఉన్నాను. చాలాసేపటికి, పిండికి తడి పట్టినట్టు, నా బొటనవేళ్ళ కింద ఆ వీపు కొంచెం లొంగింది. ఒక నిట్టూర్పు వినిపించింది.

"జర కిందికి, మేడమ్" అంది.

నేను చేతులు తీసేశాను. మేడమ్‌లు నొక్కరమ్మా, వాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు అన్నాను.

కింద ఎవరో ముక్కు ఎగబీల్చారు, సంధ్యే అయి ఉంటుంది. జయంతి నా వైపు తిరగలేదు. తల మాత్రం ఇంకొంచెం ముందుకి వంచింది.

"జర కిందికి, అక్కా."